సాదినందుకు ఒక చీర

నాలుగేళ్లు పెంచిన పిల్లవాణ్ని బీరమ్మ ఒళ్లోంచి తీసుకుని, బదులుగా ఒక చీర పెట్టారు. కొత్త చీరే. జోగిపేటలో కొన్నది. పిల్లవాణ్ని తీసుకున్నది ఆమె భర్త ఐలన్నకు సొంత అన్న పెద్దరాములు. చీర పెట్టమని తీర్పు చెప్పింది ఊరి పెద్దమనుషులు. ఇది 1991లో, సంగారెడ్డికి దగ్గర్లోని వాళ్ల ఊళ్లో జరిగింది.

బీరమ్మకు పిల్లల్లేరు. పెద్దరాములుకు ఇద్దరు కొడుకులు. రెండోవాడు పోచయ్యను పాలు మరిచిన వెంటనే తెచ్చి, సాదుకో అని ఆమె ఒళ్లో కూర్చోబెట్టాడు. మా వైపు ఇది కొత్తేమీ కాదు. ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇస్తారు. కాగితం ఉండదు, మాటే ఉంటుంది. ఆ మాటను నమ్మడమే ఆమె చేసిన పొరపాటు. పెద్దరాములు పెద్దకొడుకు జ్వరం వచ్చి చనిపోయాడు. దినాలు ముగియగానే చిన్నవాణ్ని పంపమని కబురొచ్చింది. బీరమ్మ పంపలేదు. పంచాయితీ కూర్చుంది.

పిల్లవాడికి కడుపునొప్పి వస్తే ఎవరిని పిలుస్తాడో వాణ్నే అడగండి అని ఆమె అన్నదట. పెద్దమనుషులు నవ్వారు. నువ్వు సాదినవు, వాళ్లు కన్నరు, రక్తం ముంగల సాదుడు ఏపాటి అన్నారు. పెంచిన కష్టానికి రుణం ఉంచుకోవద్దు కాబట్టి చీర పెట్టించారు. బీరమ్మ దాన్ని చాప మీదే వదిలేసి లేచింది. ఆ తర్వాత పిల్లవాడు ఆమెను అమ్మా అని పిలిచినప్పుడల్లా వాడి వీపు మీద ఒకటి పడేది. చిన్నమ్మ అనడం త్వరగానే నేర్చుకున్నాడు.

ఆ ఏడే భార్యాభర్తలు ఊరు వదిలి పటేల్‌గూడకు వచ్చారు. ఐలన్న ఫౌండ్రీలో బట్టీ దగ్గర పనికి కుదిరాడు. బీరమ్మ మందుల ఫ్యాక్టరీలో గోళీలు ప్యాక్ చేసేది. ఇంటికొచ్చాక చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు, ఆ చేతులతోనే అన్నం కలపాలి. 1997లో వాళ్లింటి ముందు రేకుల గదిలో నేను కిరాయికి దిగాను. కాంట్రాక్టు కూలీని. షిఫ్టు అయ్యాక దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ని. ఆమెను అక్కా అనేవాణ్ని.

తోటి పనామె చెప్పగా బీరమ్మ హైదరాబాదులో ఒక దవాఖానకు పోయింది. లోపం ఐలన్నలో ఉందని తేలింది. అది మొదటి నుంచీ ఉన్నదే, ఏళ్ల తరబడి బట్టీ వేడిమి తగిలి ఇంకా ముదిరి ఉండవచ్చు అన్నదట డాక్టరమ్మ. రెండు దారులు చూపింది. ఒకటి, ఎవరో దాత బీజం తీసుకోవడం. సులువు, ఎవరికీ తెలియదు. రెండోది, ఐలన్న బీజంలోంచే ఒక్కదాన్ని ఏరి సూదితో బీరమ్మ అండంలోకి ఎక్కించి, బయట కొన్నాళ్లు ఉంచి, మళ్లీ కడుపులో పెట్టడం. కష్టం, ఖర్చు, నిలుస్తుందన్న నమ్మకం లేదు.

బీరమ్మ రెండోదే కావాలంది. ఎవరికీ తెలియనప్పుడు మొదటిది ఎందుకు వద్దని నేనడిగాను.

"నాకు తెలుస్తది గద తమ్మీ. రేపు ఆ పెద్దమనుషులే మళ్ల కూసుంటరు. ఈ బిడ్డను ఏ తీరుగ గూడ ఎవ్వలు గుంజుకపోరాకుంట ఉండాలె."

ఆ ఖర్చు కోసం ఇంటి వెనక జాగా అమ్మేశారు. సంగతి ఊరికి పాకింది. రక్తమే గొప్పదని తేల్చిన పెద్దమనుషులు ఈసారి వేరే పాట ఎత్తుకున్నారు. రక్తం ఏంది, పిచ్చి గాకపోతే, ఎవ్వలో ఒకల పిల్లను సాదుకుంటే పాయె అని కబురు పంపారు. నల్లా దగ్గర ఆడవాళ్లు సూది పిల్ల ఎప్పుడు పుడతది అని అడిగేవారు. మీ ఆయన తాగి పుట్టించిన దానికన్నా మంచిగనే పుడతది అని బీరమ్మ బిందె ఎత్తుకునేది.

వాళ్లందరి మాట ఒక ఎత్తు, రాజారావు సారు మాట ఒక ఎత్తు. ఆయన వాళ్ల ఊళ్లోనే పదేళ్లు బడిపంతులు. కులానికి వ్యతిరేకంగా సభల్లో మాట్లాడే మనిషి. నాకు పుస్తకాలిచ్చిన మనిషి. పనిగట్టుకుని పటేల్‌గూడకు వచ్చి, స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అనాథ పిల్లలు ఎంతమంది ఉన్నారమ్మా. మన రక్తమే కావాలనడం, మన కులమే గొప్పదనడం, రెండూ ఒకే బుద్ధి కాదా?"

బీరమ్మ చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి కింద కూర్చుంది.

"మీకు ఇద్దరు పిల్లలు గద సారూ. ఏ ఆశ్రమంల నుంచి తెచ్చుకున్నరు?"

అది వేరు, వాళ్లు మాకు పుట్టారు అన్నాడు సారు.

"నాకు పుట్టలే. గంతే ఫరక్. రక్తం ఏం లేదు, సాదినోళ్లే తల్లి అని ఆ పొద్దు పంచాయితీల నేనే మొత్తుకున్న. మీరు గాడనే బెంచి మీద కూసున్నరు. ఒక్క మాట మాట్లాడలే. ఇయ్యాల నేను నేర్సుకోవాల్నా? తాగున్రి సారూ, సల్లారుతది."

సారు చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆయన ప్రశ్న తప్పని నేననను. రక్తం పేరు చెప్పి ఈ నేల మీద ఎంత చేశారో నేనూ చదివాను, మా అయ్య వీపు మీద చూశాను కూడా. కానీ ఆ ప్రశ్న పిల్లలున్న ఇంటి తలుపు ఒక్కటీ తట్టదు. నలుగురిని కన్నవాణ్ని ఎందుకు కన్నావని అడిగిన వేదాంతి నాకు కనపడలేదు. లేనిదాని ఇంటికే వచ్చి స్టూలు వేసుకుని కూర్చుంటారు.

మొదటిసారి నిలవలేదు. బీరమ్మ మూడు రోజులు పనికి పోలేదు, నాలుగో రోజు పోయింది. రెండోసారి నిలిచింది. 1999లో ఆడపిల్ల పుట్టింది. ఐలన్న ఫౌండ్రీ అంతా పేడాలు పంచాడు. బిహారీ కూలీలు అతణ్ని భుజాలకెత్తుకున్నారు.

తర్వాత ఊరి పక్క రోడ్డు వెడల్పయింది. అన్నదమ్ముల ఉమ్మడి భూమికి ధర వచ్చింది. ఐలన్న తన వాటా అడిగాడు. నీ తర్వాత తినెటోళ్లు ఎవరున్నరు, అది నా కొడుకుదే అన్నాడు పెద్దరాములు. నా బిడ్డ ఉన్నది అన్నాడు ఐలన్న. మళ్లీ పంచాయితీ. ఈసారి పెద్దమనుషులు కొత్త తీర్పు వెతుక్కున్నారు. దవాఖానల ఏం కలిపిన్రో, ఎవ్వల రక్తమో ఏం ఎరుక అన్నారు. ఇప్పుడు పరీక్షలు వచ్చాయి కదా, చేయించి ఐలన్న బిడ్డే అని చూపిస్తే వాటా ఇప్పిస్తామన్నారు.

ఐలన్నకు ప్రాణం లేచొచ్చింది. రెండు చుక్కల రక్తంతో అందరి నోళ్లు మూతపడతాయనుకున్నాడు. బీరమ్మ పిల్లను పట్టుకుని పంచాయితీలోంచి లేచొచ్చింది. చేయించనంది. ఐలన్న బతిమాలాడు, తిట్టాడు, చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోర్టుకు పోదామంటే చేతిలో ఏమీ మిగల్లేదు. పెద్దరాములు ఆ భూమిలో హద్దురాళ్లు పాతించాడు.

ఆఖరిసారి ఆమెను 2004లో పటాన్‌చెరు బస్టాండులో చూశాను. అప్పటికి నేను వేరే ఊరికి మారాను. పిల్ల పక్కన నిలబడి అరటిపండు తింటోంది. పిల్ల ముఖం ఐలన్నదే, పరీక్ష అక్కర్లేనంత. నేనూ అందరిలాగే అడిగాను. ఇంత కష్టపడి సొంత రక్తం తెచ్చుకున్నావు, నిజం నీ దిక్కే ఉంది, చూపిస్తే ఏం పోతుందక్కా అని.

బీరమ్మ బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"ఇది మా ఇద్దరి బిడ్డనే అని పరీక్షల వస్తది. నాకెరుక. వచ్చినంక ఏమైతది తమ్మీ? రక్తం ఉంటెనే తల్లి అని నేనే ఒప్పుకున్నట్టు అయితది. ఆ పొద్దు పోచిగాన్ని నా ఒళ్లెకెళ్లి గుంజుకపోయింది న్యాయమే అని నా నోటితోని చెప్పినట్టు అయితది. భూమి పోతే పోనీ. చేయించ."