చెట్టెక్కే ముందు కేక

మా తాతలు తండ్రులు తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికిన్రు. నేను గూడ మీసాలు రాకముందే నడుముకు మోకు కట్టి చెట్టెక్కిన. అసొంటోణ్ని పోయి పోయి మస్కట్ అవతల రుస్తాఖ్‌ల ఒక ముసలాయన ఖర్జూర తోటల తేలిన. ఊరికి ఫోన్ చేసి చెప్తే మా వాడకట్టోళ్లంత ఒక్కటే నవ్వుడు. "అక్కడ గూడ గీస్తున్నవారా?" అని. ఏం గీసుడు? ఆ దేశంల ఆ మాటే ఎత్తరాదు. ఒకనాడు చెట్టు కింద కూసోని మజ్జిగ తాగుతుంటె మా పాత రూమోడు ఫోటో తీసి ఊరికి పంపిండు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు గదా, ఇగ ఖర్జూరం చెట్టు కింద మజ్జిగ తాగితే ఊకుంటరా. మా ఇంటామె నాలుగు దినాలు నాతోని మాట్లాడలె.

నేను అక్కడికి పోయింది కంపెనీ వీసా మీద, సైట్ పనికి. తోటకు ఇంత దూరంల ఒక ఇంటికి గోడ కడుతుంటిమి. పొద్దంత ఇటుకలు మోసి మాపటికి కాల్వల కాళ్లు కడుక్కుంటున్న. ఆ కాల్వ ముసలాయన తోటల నుంచే పారుతది. ఆయన వచ్చి నా కాళ్ల దిక్కే చూసుడు వెట్టిండు. నీళ్లు ఖరాబైతున్నయని తిడతడు గావచ్చు అనుకున్న. ఆయన ఏం అనకుంట తన చెప్పు విడిచి పాదం చూపెట్టిండు. పాదానికి పక్కపొంటి కాయ గాసి నల్లగ గట్టిపడ్డది. నా పాదానికి గూడ అదే కాయ, అదే తావుల. ఏండ్లకేండ్లు చెట్టుకు పాదం ఒత్తితేనే కాసే కాయ అది, ఇంకే పనికీ కాయదు. ఎక్కుతవా అన్నట్టు పైకి చెయ్యి చూపిండు. నాకు గూడ శాన దినాలకు చెయ్యి జిలవెట్టింది, టకటక ఎక్కి దిగిన. దిగంగనే నాలుగు తిట్లు తిట్టిండు. నాకప్పుడు అరబ్బీ రాదు గని తిట్లు ఏ భాషల తిట్టినా అర్థమైతయి.

ఎందుకు తిట్టిండో, ఆయన కంపెనీతోని మాట్లాడి నన్ను తన తోట పనికి మార్పిచ్చుకున్నంక తెలిసింది. మా దిక్కు చెట్టెక్కే ముందు ఎల్లమ్మ తల్లికి దండం వెట్టుకుంటం, ఎక్కుతం. అక్కడ దండం ఒక్కటే సాలది, కేకెయ్యాలె. చెట్టు మీది నుంచి చూస్తె పక్కింటోళ్ల వాకిళ్లు కనబడతయి. ఆడోళ్లు తల ఆరవెట్టుకుంటనో, చెంబులు గిన్నెలు కడుక్కుంటనో ఉంటరు. అందుకని ఎక్కెటోడు కిందనే నిలబడి "యా సాతిర్!" అని ఒర్రాలె. మరుగు చేసే దేవుడా అని దాని అర్థం. ఆ కేక ఇని ఆడోళ్లు లోపటికి పోతరు. తలుపు చప్పుడు ఇనబడినంకనే చెట్టు మీద చెయ్యెయ్యాలె. పద్ధతంటె పద్ధతే, దాంట్ల రాజు లేడు కూలోడు లేడు.

ముసలాయన తోటను ఆనుకోని ఉన్నది ఒక్కటే ఇల్లు. అండ్ల ఒక ముసలామె. మొగడు ఎన్నడో పోయిండు, పిల్లలు కాలె. చుట్టాల పోరి ఒకామె వచ్చి ఇంత వండిపెట్టి పోతది. ఈమెకూ ముసలాయనకూ ఉప్పు నిప్పు. ఆయన చెట్టు ఒకటి గోడ మీదికి ఒరిగి ఈమె వాకిట్లకు వంగింది. వాకిట్ల రాలిన పండు ఈమెది, చెట్టు మీది గెల ఆయనది, అది వాళ్ల తాన పాత ఒప్పందం. "పండు రాలకముందే గెల కోసుకపోతడు, దొంగ" అని ఈమె. "కట్టె వెట్టి పొడిసి రాల్చుకుంటది, నాకు కండ్లు లేవా" అని ఆయన. గోడకు అటొకలు ఇటొకలు నిలబడి ఎండకాలమంత ఇదే పంచాయితి. ఆయన కేకేస్తె ఈమె లోపటికి పోతనే, "ఇప్పుడే తలంటుకోని కూసున్న, ఇప్పుడే యాదికొచ్చిందా నీకు చెట్టు!" అని, తలుపు ధడేల్మని ఏసేది. ఆ చప్పుడు ఇన్నంక ముసలాయన మొఖం చూడాలె, లాటరీ తలిగినట్టు నవ్వేటోడు.

ఆయన భార్య నేను రాకముందే పోయింది. కొడుకు మస్కట్‌ల. ఆ వయసుల గూడ సగం చెట్లు నేనెక్కుడు, సగం ఆయన; కేక మాత్రం అన్నిటికీ ఆయనదే. చలి తగ్గినంక అక్కడ పెద్ద పని ఉంటది. మొగ చెట్టు పూత తెచ్చి, ఆడ చెట్టు గెల మీది పొర పగలంగనే దాని నడుమ పెట్టి నారతోని కట్టాలె. కట్టకుంటె కాయ వట్టదు. నాలుగొద్దులు ఆలస్యమైనా ఆ గెల పాయె. మా తాన మోకు ఇట్ల కడతరు బాబా అని నేనొకసారి చూపెట్టబోయిన. తాతకు దగ్గులు నేర్పినట్టయింది. ఆయన ఒంటి చేత్తోని మోకు ముడేసి, నేను చెప్పుడు ఒడవకముందే నడిచెట్టు మీదున్నడు.

గంతటాయన ఒకనాడు దిగుతుంటె మోకాలు మడతవడ్డది. ఎత్తు గూడ కాదు, ఇంకో రెండు అడుగులేస్తె నేలే. తుంటి బొక్క ఇరిగింది. దవాఖానల ఆపరేషన్ చేసి, చేతికి కర్రిచ్చి పంపిన్రు. చెట్టు ముట్టద్దన్నరు. ముట్టకపోతె పాయె, ఆయన అర్రలకెళ్లి బయటకి వచ్చుడే బందు వెట్టిండు. పొద్దున నేను చాయ తీస్కపోతె గోడ దిక్కు తిరిగి పండుకోని ఉంటడు. మాపు తీస్కపోతె గట్లనే ఉంటడు.

నాకు భయమైంది. మా బాపు గూడ తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. డాక్టర్లు మంచిగనే అతుకేసిన్రు. దెబ్బతోని పోలే మా బాపు, పని లేక పోయిండు. ఇంటి వాసాలు చూసుకుంట చూసుకుంట, ఊళ్లె ఎవరి చెట్టు ఎవరు ఎక్కుతున్నరో అడుగుడు గూడ మానేసిన దినమే, ఇగ బతకడని నాకు తెలిసిపోయింది. ముసలాయన గూడ అడుగుడు మానేసిండు. ఏ గెల పగిలింది, ఏ చెట్టు కట్టినవ్ అని ఒక్క మాట లేదు.

కొడుకు వారం వారం వచ్చేటోడు. మంచోడే, అబద్ధమెందుకు చెప్పాలె. వచ్చినప్పుడల్ల నాకు గూడ ఏదో ఒకటి తెచ్చేటోడు. ఒక శుక్రవారం పొద్దుగాల బండి తెచ్చి, తండ్రి బట్టలు మందులు సంచిల సదురుడు వెట్టిండు. "మస్కట్ తీస్కపోతున్న. ఇక్కడ ఆయనకేం పనుంది? చెట్లు నువ్వు చూసుకుంటున్నవ్. అక్కడైతె డాక్టర్ దగ్గర, పిల్లలుంటరు, ఏసీ ఉంటది" అన్నడు. ఒక్క మాట తప్పు లేదు అండ్ల. అందుకే నాకు ఒళ్లు మండింది. తప్పుంటె ఏదన్న అడ్డం చెప్పేటోణ్ని. ముసలాయన పండుకున్న తావులనే గోడ దిక్కు తిరిగి ఉన్నడు. ఆ తోట ఇడిచిపెట్టి మేడ మీది ఇంట్ల కూసుంటె ఈ మనిషి మల్ల చలికాలం చూడడని నాకు తెలుసు. చెప్పెటానికి నేనెవణ్ని? జీతగాణ్ని.

కోపంల మోకు తీస్కోని ఆ ఒరిగిన చెట్టు కిందికి పోయిన. దాని గెలలు పగిలినయి, ఆ దినం కట్టాల్నే. "యా సాతిర్" అని ఒర్రిన. తలుపు చప్పుడు లేదు. మల్ల ఒర్రిన. లేదు. ముసలామె లోపట పండుకున్నదేమో అనుకుంటుంటె, తోట గేటు మీద కర్రతోని దబదబ కొట్టుడు మొదలైంది. ఆమెనే. సగం కండ్లు కనబడవు, గోడ పట్టుకోని సుట్టు తిరిగొచ్చింది.

కొడుకు ఉరికిండు. "ఏమైంది చిన్నమ్మా?"

"ఎవడాడు? నా వాకిలి మీదికి ఎక్కుతున్నోడెవడు?"

"మనోడే. ఏండ్ల సంది ఉన్నడు గదా."

"ఉంటె ఉండనీ. వాని గొంతు నాకు తెల్వదు. నేను పెండ్లయి ఈ ఇంట్ల అడుగువెట్టిన కాడికెళ్లి ఒక్క గొంతే ఇన్న. ఆ గొంతు కేకేస్తె లోపటికి పోతిని. వేరేటోడు కేకేస్తె నేను పోను. వాకిట్లనే కూసుంట. నేను కూసున్నంక ఎవడెక్కుతడో చూస్త."

ముసలాయన పడ్డకాన్నుంచి కేకేస్తున్నది నేనే గదా! మొన్నటి దాంక నా కేకకే మంచిగ తలుపేసుకున్నది. గోడ మీదికెళ్లి నాకు కాఫీ గూడ అందిచ్చింది. తెల్వదట నా గొంతు!

"అయితె ఆ ఒక్క చెట్టు ఇడిచిపెడతం తియ్, చిన్నమ్మా" అన్నడు కొడుకు.

"ఒక్క చెట్టేంది? అన్ని చెట్ల మీదికెళ్లి నా వాకిలి కనబడతది. నీ నాయినను తీస్కపో. ఈ తోటల ఇగ ఒక్క గెల కట్టనియ్య. కాయలు లేక ఎండనీ. నాకేంది!"

కొడుకు నా దిక్కు తిరిగిండు. "నిజమేనా? అన్ని చెట్ల మీదికెళ్లి కనబడతదా?"

దూరం చెట్ల మీదికెళ్లి మట్టలు తప్ప మన్ను గూడ కనబడదు. నేను ఆమె మొఖం చూసిన. ఆమె మొఖం నా దిక్కు గూడ లేదు, ముసలాయన అర్ర దిక్కున్నది. అటునుంచి ఏమన్న ఇనబడతదా అని చెవి వెట్టింది. నాకు అప్పుడు సమజైంది.

"కనబడతది సార్. అద్దం లెక్క కనబడతది" అన్న.

ఆ మాటకు అర్రలకెళ్లి ఒక అరుపు. "అబద్ధాలకోరు ముసల్ది! ఖాళీ వాకిలి, ఏమున్నదని అండ్ల చూసెటానికి!" అని తిట్టుకుంట, కర్ర పట్టుకోని గుమ్మం దాటిండు ముసలాయన. కొడుకు పట్టుకోబోతె చెయ్యి ఇదిలిచ్చిండు. నాకు ఆగలే, ఉరికి ఒక కుర్చీ తెచ్చి చెట్టు కింద ఏసిన. కూసోలే ఆయన. చెట్టుకు చెయ్యి ఆనిచ్చి నిలబడి, ముసలామె గోడ పట్టుకోని ఇంటికి చేరేదాంక ఆగిండు. ఆగి, గుండెల నిండ గాలి పీల్చి కేకేసిండు. గొంతు నడుమల జీరవోయింది. మల్ల ఏసిండు.

తలుపు ధడేల్మన్నది. గోడ గూడ అదిరి ఉంటది.

"ఎక్కు, ఏం చూస్తున్నవ్" అన్నడు నన్ను. ఎక్కిన. పై నుంచి చూస్తె కొడుకు తండ్రి మొఖం దిక్కే చూస్తున్నడు. తర్వాత పోయి మందుల సంచి తీస్కొచ్చి నా అర్ర గుమ్మంల పెట్టిండు. ఏది పొద్దుగాల ఏది మాపు అని నాకు నేర్పిండు. మాపటికి ఒక్కడే బండి తోలుకోని పోయిండు.

అట్ల ఆ ముసలాయన ఇంకో రెండు పంటలు చూసిండు. నేను ఎక్కుడు, ఆయన కేక. దూరం చెట్లకు గూడ కుర్చీ మోపిచ్చుకోని వచ్చి కేకేసేటోడు, అక్కడికెళ్లి ఏం కనబడదని ఆయనకు నాకంటె ఎక్కువ ఎరుక. ముసలామె గూడ అంత దూరం కేకకు తలుపేసేది. తిట్లు తగ్గలే. రాలిన పండ్ల పంచాయితి తెగలే. ఒకరినొకరు మంచిగున్నవా అని అడుక్కోంగ నేనెన్నడు ఇనలే. సచ్చేటంత ప్రేమున్నోళ్లు గూడ గిట్లనే ఉంటరు గావచ్చు, మా అవ్వ బాపు గూడ గిట్లనే తిట్టుకునేటోళ్లు.

పోయిన చలికాలం ఆయన పోయిండు. మంచంల గాదు, కాల్వ గట్టు మీద కూసోని కూసోనే ఒరిగిండు. కొడుకు ఏడ్సుకుంట నన్ను కావలిచ్చుకున్నడు, తోట నిన్నే చూసుకొమ్మన్నడు. మట్టిచ్చినంక వారం దినాలు నేను చెట్ల దిక్కు చూడలె. గని గెలలకు మన దుఃఖం తెల్వదు, అవి పగలవట్టినయి.

మోకు తీస్కోని ఆ ఒరిగిన చెట్టు కిందికే పోయిన ముందుగాల. కేకెయ్యాలె. ఆ కేక ఆయనది. నేనెట్ల ఎయ్యాలె? మోకు భుజం మీదేసుకోని దొంగోని లెక్క నిలబడ్డ.

గోడకు అవతల ముసలామె దగ్గింది. వాకిట్లనే కూసున్నట్టున్నది. నా అడుగుల చప్పుడు ఇన్నట్టున్నది.

"ఎందుకు నిలబడ్డవ్?" అన్నది.

తలుపు చప్పుడు కోసం ఆగిన. ఆమె లేవలె. తలుపు చప్పుడు కాలె.

"ఎక్కు కొడుకా" అన్నది. "ఇక్కడ ఎవ్వరు లేరు. నేనే ఉన్న."

ఎక్కిన. కిందికి చూడలే, గెల మీదనే చూపు వెట్టి పూత కట్టిన. చెట్టు మీద ఏడ్వద్దంటరు మా తాన, చెయ్యి జారుతదని. ఏడ్చిన.