పెద్దమ్మ పేరు మీది తుపాకి

సోమవారం పొద్దున పదకొండింటికి ఎడపల్లి పోస్టాఫీసు నుంచి మా ఆఫీసుకు ఫోను వచ్చింది. చేసింది పెద్దమ్మ కూతురు. "అన్నా, అమ్మ పోయింది" అన్నది. ఇన్నేళ్లుగా విలేకరి పని చేస్తున్నవాణ్ణి, నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "ఎప్పుడు?" అని. అన్నాక సిగ్గనిపించింది. చెల్లె మాత్రం వరసగా చెప్పింది. తెల్లారి లేచిందట, బర్రె పాలు పిండిందట, జరసేపు ఒరుగుతనని మంచమెక్కి మళ్ళీ లేవలేదట. నొప్పి అనలేదు, ఎవరినీ పిలవలేదు. అందులో ఒక్క ఎక్కువ మాట లేదు. పెద్దమ్మ పెంచిన పిల్ల అలాగే చెబుతుంది.

దినాలకు వచ్చినవాళ్ళు ఆమె తుపాకి గురించి చాలా చెప్పుకున్నారు. నలభై పందుల్ని కొట్టిందని ఒకరు, దొంగ కాలు విరగ్గొట్టిందని ఇంకొకరు. మోస్రా నుంచి వచ్చిన ముసలాయన చిరుతపులిని కూడా కలిపాడు. నాకు తెలిసి ఆమె కొట్టినవి మూడు పందులు. మనిషి మీదికి తుపాకి ఎత్తలేదు. ఇక్కడ నేను చూసినవీ ఆమె నోట విన్నవీ మాత్రమే రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆమె భర్త, మా పెద్దబాపు, జ్వరంతో పోయాడు. చిన్న కూతురు, కాలువ కింద అయిదెకరాల చెరుకు ఆమెకు మిగిలాయి. పక్క పొలం మరిదిది. భూమి కౌలుకిచ్చి ఇంట్లో కూర్చొని తినమని అతను సలహా ఇచ్చాడు. మొగడు పోయినాక కౌలుకిచ్చిన ఆడోళ్ళ భూములు ఈ ఊళ్ళె ఎన్ని మళ్ళొచ్చినయో చెప్పమని ఆమె అడిగిందట. పెద్దమ్మ కొంగు బిగించి తానే సేద్యం మొదలుపెట్టింది.

మూడేళ్ళు బాగానే గడిచింది. తర్వాత అడవిపందులు మరిగాయి. చెరుకును అవి తినేదానికన్నా తొక్కి పాడుచేసేది ఎక్కువ. మంచె మీద కూర్చొని డబ్బా కొట్టే కావలి మనిషి తొడను ఒక పంది చీల్చింది. అతను బతికాడు గానీ, ఆ తర్వాత ఆమె పొలానికి కావలి ఉండడానికి ఎవరూ రాలేదు. పంట చేతికి రాకపోతే కౌలుకియ్యక తప్పదు. మరిది కూడా దానికోసమే ఓపిక పట్టాడు. పెద్దమ్మకు తుపాకి కావలసివచ్చింది ఇందుకు. భయానికి కాదు, దర్జాకీ కాదు.

నేనప్పుడు నిజామాబాదులో బస్టాండు దగ్గర ఒక గదిలో ఉంటూ కొత్తగా వార్తలు పంపుతున్నాను. ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి, తుపాకి లైసెన్సుకు దరఖాస్తు రాసిపెట్టమంది. నాకు రాత వచ్చునని నాకు గట్టి నమ్మకం. "నిస్సహాయురాలైన ఒక అభాగ్య వితంతువు" అని మొదలుపెట్టి చదివి వినిపించాను.

"గా మాట కొట్టెయ్" అంది.

ఎందుకన్నాను.

"నిస్సహాయురాలి చేతికి తుపాకి ఎవడిస్తడురా? ఎన్ని ఎకరాలున్నయో రాయి. పందులు ఎన్నిసార్లు చేన్ల పడ్డయో రాయి. కావలాయన తొడకు ఎన్ని కుట్లు పడ్డయో రాయి. ఇగ సంతకం పెట్టే జాగ ఇడ్సిపెట్టు."

అరపేజీ కూడా రాలేదు. నా మొదటి ఎడిటరు ఎవరని అడిగితే నేను పత్రికలవాళ్ళ పేర్లు చెబుతుంటాను. అది పూర్తి నిజం కాదు.

కలెక్టరాఫీసులో అధికారి ఆ కాగితం చదివి, తుపాకి కాల్చేది ఎవరమ్మా, మీ మరిదా అని మర్యాదగానే అడిగాడు. పేరు ఎవరిదైతే కాల్చేది వాళ్ళేనని ఆమె చెప్పింది. విచారణకు నెలలు పట్టింది. ఒంటి గొట్టం తుపాకి ఇంటికి వచ్చిన రోజు ఊరంతా చూడడానికి వచ్చింది. పెద్దమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆమెకు నేర్పింది బోధన్‌లో ఉండే ఒక పాత ఫౌజు సిపాయి. ఆయన్ని చాచా అనేది. "ముందు దించుడు నేర్సుకో బేటీ, ఎత్తుడు దానంతటదే వస్తది" అని ఆయన మొదటి నెలంతా ఖాళీ తుపాకి ఎత్తించి దింపించాడట. తుపాకి లోపలి అర్రలో కొయ్యకు వేలాడేది. తూటాలు వేరే, తాళం వేసిన సందూకలో. ఆ తాళంచెవి ఆమె మెడలో, ఒకప్పుడు పుస్తెలుండిన చోట నల్లదారానికి ఉండేది.

నేను ఆమెతో రెండుసార్లు మంచె ఎక్కాను. మొదటిసారి చెరుకు ఒక్కసారిగా గలగలమంది. నేను చెయ్యి చాపి చూపించాను. ఆమె తుపాకి ఎత్తలేదు. కదిలేది పందేనని నీకెవరు చెప్పిండ్రని అడిగింది. కాసేపటికి ఆ సాలులోంచి లేగదూడ వచ్చింది, దాని వెనకాల దాన్ని తిడుతూ ఒకామె వచ్చింది. పంది ఒడ్డెక్కి మొత్తం ఒళ్ళు కనబడితే తప్ప పెద్దమ్మ కొట్టేది కాదు. బెదిరించడానికైతే ఒడ్డు మట్టిలోకి కాల్చేది. ఆకాశంలోకి కాలిస్తే అది ఎక్కడ పడుతుందో మనకు ఎరుకా అనేది.

మరిది తన కొడుకు పెళ్ళి బరాత్‌లో కాల్చడానికి తుపాకి అడిగాడు. "లైసెన్సు పందులకిచ్చిండ్రు మరిదీ, పెండ్లిపిల్లగాండ్లకు గాదు" అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. మరిది ఆ నవ్వును మరిచిపోలేదు.

కొన్నేళ్ళకు, కాలువలో నీళ్ళు తక్కువైన ఏడాది, ఆ కసి బయటపడింది. ప్రతి బేస్తవారం, అంటే గురువారం, మధ్యాహ్నం నుంచి నీళ్ళ వంతు పెద్దమ్మది. మరిది పిల్లకాలువకు మట్టిగడ్డలు అడ్డం వేసి నీళ్ళు తన మడిలోకి తిప్పుకున్నాడు. రెండు వారాలు అలాగే చేశాడు. చెరుకు ఆకులు చుట్టుకుపోవడం మొదలైంది. ఇంకో రెండు వంతులు పోతే పంట పోయేది, పంటతో పాటు భూమీ పోయేది. మూడో వారం ఆమె పోయి నలుగురి ముందే అడిగింది.

"తుపాకున్నది గద వదినె" అన్నాడు మరిది. "తెచ్చి కాల్చు."

పెద్దమ్మ ఇంటికి పోయింది. గొంగడిలో తుపాకి చుట్టుకొని వచ్చింది. ఒడ్డు మీద జనం చెదిరిపోయారు. మరిది అక్కడే నిలబడ్డాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి సడకు మీదికి పోయి, బోధన్ బస్సెక్కింది.

బోధన్ ఠాణాలో తుపాకి, తూటాలు టేబులు మీద పెట్టి, వీటిని మీ దగ్గర ఉంచండి అంది. కారణమేమిటని సబిన్‌స్పెక్టరు అడిగాడు.

"కోపమొచ్చింది సారూ."

"ఎవరి మీద?"

"గది చెప్తె కేసయితది. కోపం పోయినంక వచ్చి తీస్కపోత."

ఆయన నవ్వి రసీదు రాసిచ్చాడు.

తర్వాతి బేస్తవారం ఆమె పార పట్టుకొని మోకాలి లోతు కాలువలో దిగింది. అడ్డం వేసిన గడ్డలు ఒక్కొక్కటే తీసి గట్టు మీదికి విసిరింది. మరిది ఉరుక్కుంటూ వచ్చాడు. తన చేతిలో పార తప్ప ఏమీ లేదు, దిగి ఆపుకోమంది. ఈసారి జనం చెదరలేదు. నలుగురూ దగ్గరికి వచ్చారు. వంతు ఆమెదేనని పెద్దమనుషులు మొదటిసారి నోరు తెరిచి చెప్పారు. మరిది గట్టు దిగి వెళ్ళిపోయాడు. నీళ్ళు ఆమె చెరుకులోకి మారాయి.

ఆ వారమే నేను ఊరికి పోయాను. అవసరమైన రోజునే తుపాకి ఎందుకు వదులుకున్నావని అడిగాను.

"అది ఇంట్లున్నన్ని దినాలు అందరు తుపాకి ముచ్చటే పెడ్తుండ్రు కొడుకా. నా నీళ్ళ ముచ్చట ఎవలన్న పెట్టిండ్రా?" అంది. "ఇంకోటి. తెచ్చి కాల్చు అన్నప్పుడు నాకు కాల్చబుద్దయింది" అంది. అది చెప్పేటప్పుడు నా ముఖంలోకే చూసింది.

నెల తిరక్కుండా పందులు వచ్చాయి. తుపాకి ఠాణాలో ఉందని వాటికీ తెలిసిందని ఊళ్ళో పరాచికాలాడారు. తొడ చీలిన కావలాయన తనే వచ్చి మళ్ళీ మంచెక్కాడు. ఇద్దరూ చెరో పక్క డబ్బాలు కొట్టారు. అయినా వాగు వైపు చెరుకు ఎకరం మేర నేలకొరిగింది. నేను వెంట వస్తాను, పోయి తుపాకి తెచ్చుకుందామన్నాను.

"కోపం ఇంకా పోలేదు" అంది.

ఎవరి మీదో నేను అడగలేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగు ఆర్డరు వచ్చింది. నిలబడిన చెరుకంతా కొట్టించింది. పడిపోయినదాంట్లో పనికొచ్చే గడలను తనే ఏరి, మన్ను దులిపి, కట్టలు కట్టింది. ఆఖరి బండి పోయే రోజు నేను అక్కడే ఉన్నాను. బండి తోలే మనిషి రాకపోతే తనే నొగల మీద కూర్చొని పగ్గాలు పట్టుకుంది. బోధన్ సడకు మీద నూరు బండ్ల వరుస. మొగవాళ్ళు బండ్లు దిగి బీడీలు తాగుతూ, తిరిగి తిరిగి ఆమె వైపు చూస్తున్నారు. ఆమె బండి సగమే నిండింది. ఆ కట్టల్లో పంది పళ్ళు దిగిన గడలు నాకు దూరం నుంచే తెలుస్తున్నాయి. ముందు బండి కదిలింది. పెద్దమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కొని, ఎడ్లను అదిలించి, మధ్యలో ఖాళీ రాకుండా తన బండిని ముందుకు జరిపింది.