బుట్టకు పట్టిన చీమలు

ఉచ్చపోసి ఇల్లంతా తడిపేస్తోందని మా పిల్లిని దూరంగా ఎక్కడైనా వదిలేద్దామనుకున్నాను. నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ రూంలో పిల్లి ఉన్న బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. బుట్టలో అది తడిపిన గుడ్డకు చీమలు పట్టాయి. పక్కనున్న పెద్దావిడ వాటినే చూస్తోంది.

“నీళ్లు మస్తు తాగుతదా బిడ్డా? తిన్నా బక్కగైతుందా?”

“ఔనమ్మా. అందుకే పాలల్ల చక్కెర కలిపి పోస్తున్న.”

“చక్కెర బంద్ చెయ్యి. గిది చక్కెర బీమారేమో, పశువుల దవాఖానల చూపియ్యి. మా ఆయనకు గూడ గిట్లనే ఉండె. ఆయన ఉచ్చ పోసే మోరికి చీమలు పట్టేది పనామె రోజూ చూసిందట. ఆమెతోని మేమెన్నడు మాట్లాడింది లేదు. ఆయన పోయినంక చెప్పింది.”

ఆమె బండి వచ్చింది. నేను బుట్టతో ఇంటికి తిరిగొచ్చాను. వాకిట్లో మా పనామె ఉంది.

“పిల్లి గుడ్డకు చీమలెప్పటి నుంచి పడుతున్నయి?” అని అడిగాను.

“నెల దాటిందయ్యా” అంది, తల ఎత్తకుండా.