ఎనిమిది పాటల్లో చిన్నాన్న చెయ్యి

వండూర్‌లో మా ఇంటి వరండాలో పొద్దున్నే బైబిలు వాక్యం చదువుకుంటూ ఉంటే తమ్ముడి ఫోను వచ్చింది. "అక్కా, చిన్నాన్న పోయాడు. జల్దీ రా," అన్నాడు. "సరేరా, ఎసరు పెట్టాను. అన్నం వార్చి వస్తాను," అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. పొయ్యి ఆర్పి, చేతికందిన చీర కట్టుకుని బస్సెక్కాను.

జంగ్లీఘాట్ చేరేదాకా ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. ఒక్క ప్రశ్నే అడ్డు నిలబడింది. దానికి జవాబు చెప్పకుండానే ఆయన వెళ్లిపోయాడు.

ఈ దీవుల్లో తెలుగు ఆరాధనకు వెళ్లే చాలామంది మా చిన్నాన్నను ఎరుగుదురు. స్వాతంత్ర్యం వచ్చాక జనాన్ని ఇక్కడికి తెచ్చి నిలబెట్టిన రోజుల్లో, తాతయ్య వెంట పదేళ్లవాడుగా ఓడ దిగాడు. ఓడల వర్క్‌షాపులో ఫిట్టరు పని. గిటారు ఒక ఓడ వంటవాడి దగ్గర నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు మా గుడిలో వాయించాడు. గిటారు ముట్టుకునే ముందు చేతులకు కిరసనాయిలు రాసి, సబ్బుతో కడిగి, పిన్ని ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇంకా వాసనొస్తందేటే?" పిన్ని రావడం లేదంటేనే తీగ మీద వేలు పడేది.

మెయిన్‌ల్యాండ్ నుంచి కూటాలకు పేరున్న గాయకులు వచ్చేవారు. వాళ్ల వాయిద్యగాళ్లు అంతదూరం ఓడెక్కేవారు కాదు. వెనక కూర్చునేది చిన్నాన్నే. ఒకసారి, ఊరూరా పేరున్న గాయని ఒకామె మూడో చరణం మరిచిపోయింది. చిన్నాన్న తొణకలేదు. ఆమెకు మాట గుర్తొచ్చేదాకా అక్కడే అదే వరసను నాలుగు చుట్లు తిప్పాడు. పాటే అంత కాబోలనుకున్నారు మావాళ్లు. ఇప్పటికీ మా గుడిలో ఆ పాట అక్కడ ఆగి, నాలుగు చుట్లు తిరిగితే గాని ముందుకు కదలదు. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన పాస్టరుగారు ఇదేమిటని అడిగితే, "పాడేవోళ్లు ముందర నడవాల బాబూ. మనం ఆళ్ల సెప్పులు పట్టుకుని ఎనకాల నడవాల," అన్నాడు చిన్నాన్న.

ఆయనకు అరవై తొమ్మిదో ఏడు వచ్చాక ఆ గాయకులే సీడీ వేద్దామని పూనుకున్నారు. ఎనిమిది మంది, ఎనిమిది పాటలు, అన్నింటికీ చిన్నాన్న గిటారు. అట్ట మీద ఆయన ఫోటో. గిటారు ఇక్కడ రికార్డు చేసి పంపితే గొంతులు మద్రాసులో కలుపుతారు. తమ్ముడు మైకు తెచ్చి, జంగ్లీఘాట్‌లో చిన్నాన్న ఇంటి ముందు గదిలో గోడలకు పరుపులు ఆనించాడు. అప్పటికే చిన్నాన్న వేళ్ల కణుపులు వాచాయి. ఒక్కో పాటకు వారం పైన పట్టింది. వేణ్ణీళ్లలో ఉప్పు వేసి నేను వేళ్లకు కాపడం పెట్టేదాన్ని. చివరి పాట అయ్యాక ఆయన చెంచా కూడా పట్టుకోలేకపోయాడు.

మాకు తెలియని సంగతి ఒకటుంది. అన్నేళ్లూ ఆయన శ్రుతి చేసుకున్నది గుడి హార్మోనియంతో. ఉప్పుగాలికి దాని రీడ్లు ఏటేటా కాస్త కాస్త దిగిపోయాయి. దాంతోపాటు గిటారు దిగింది, మా గొంతులూ దిగాయి. అందరం కలిసి దిగాం గనుక ఎవరికీ తెలియలేదు. మద్రాసులో తెలిసింది.

అక్కడ సంగీతం చూసే ఆయన ఫోను చేశాడు. స్పీకరులో నేనూ విన్నాను. "అంకుల్, మీ శ్రుతి ఇటూ కాదు, అటూ కాదు. మధ్యలో ఉంది. మళ్లీ వాయిస్తారా? కుదరదంటే మావాడు వాయించేస్తాడు. పేరు మీదే ఉంటుంది."

చిన్నాన్న తన వేళ్లకేసి చూసుకున్నాడు. ఫోను అరచేత్తో మూసి, "పెద్దపిల్లా, ఏటి సెప్పమంటావు?" అన్నాడు. నాన్న పోయాక ఏ సంగతైనా నన్నే అడిగేవాడు.

"ఒప్పుకో చిన్నాన్నా. పాట దేవుడిది. చెయ్యి ఎవరిదైతేనేం?" అన్నాను.

తల ఊపాడు. ఫోను తీసుకుని పెరట్లోకి నడిచాడు. అక్కడ ఏం చెప్పాడో నేను వినలేదు.

సీడీ వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నాం. శ్రుతి సరిగ్గా ఉంది. గిటారు బాగుంది, మరీ బాగుంది.

"ఇది నీ చెయ్యేనా చిన్నాన్నా?"

"పాట బాగుందా, నేదా?"

"బాగుంది."

"మరింకేటి?"

తమ్ముణ్ణి అడిగాను. "కంప్యూటర్లో శ్రుతి పైకి ఎత్తేస్తారక్కా. చిన్నాన్నదే అయ్యుంటాది. నహీఁ తో మార్చేసుంటారు. నాకేం పతా?" అన్నాడు. మంచాన పడ్డాక ఇంకోసారి చిన్నాన్ననే అడిగాను. నవ్వి, టీ పెట్టమన్నాడు. ఆ సీడీ కోసం కృతజ్ఞత చెప్పాలని మోకరించినప్పుడల్లా ఆగిపోయేదాన్ని. ఎవరి చేతికోసం చెబుతున్నట్టు? నా మాట విని తన చెయ్యి తానే తీసేసుకున్నాడా? నేను చెప్పింది మంచేనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

భూస్థాపన రోజు, మూడో చరణం మరిచిపోయిన ఆ గాయనే ఫోను చేసింది. ఏడ్చింది. ఉండబట్టలేక అడిగేశాను. "చెవుల్లో పెట్టిన గిటారుకు పాడానమ్మా. ఎవరిదో వాళ్లు చెప్పలేదు. నేనూ అడగలేదు," అంది.

ఆదరణ కూడికకు వచ్చి ప్రార్థన చేసినవాళ్లంతా వెళ్లిపోయిన మర్నాడు ముందు గదిలో ఒక్కదాన్నే కూర్చుని సీడీ పెట్టాను. నాలుగో పాట. పాడే గొంతు ఆగిపోయింది. గిటారు ఒక్కటే మిగిలి, చివరి తీగ సన్నబడుతోంది. దాని అడుగున ఏదో మరో ధ్వని. దూరంగా, బొంగురుగా. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. తమ్ముణ్ణి పిలిచాను.

"ఓడ కూతలాగుంది," అన్నాడు. అంతలోనే, "మద్రాసులోనూ హార్బరుంది గదక్కా," అన్నాడు.

అదీ నిజమే. ఇంకోసారి వేశాను.

వంటింట్లో చేపలు తోముతున్న పిన్ని లేచి వచ్చింది. పొలుసులు అంటిన చేతులు చీరకు తగలకుండా ఎడంగా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తీగ సన్నబడింది. కూత వినిపించింది.

"మన రేవు హోప్‌టౌన్ బోటు," అంది పిన్ని. "పదింటిది."

"ఖచ్చితంగానా పిన్నీ?"

"నలభై ఏళ్లుగా దాని కూతకే గదే నేను బియ్యం కడిగేది. ఈ పాట వాయిస్తన్న పొద్దు అది అరిసిందని మీ చిన్నాన్న ఎంత తిట్టాడనుకున్నావు. బోటోడి అమ్మని కూడా వొదల్లేదు."

మిగతా ఏడింటి సంగతి నాకు తెలియదు. పిన్ని లోపలికి వెళ్లలేదు. చేతుల్లోంచి నీళ్లు గడప మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

"మళ్లీ ఎయ్యే," అంది.