దొర సారకు ఐలవ్వ చుట్ట

టప్, టప్, టప్. తడిపిన పొగాకును పీట మీద పరిచి అరచేత్తో అణిచే చప్పుడు. బెల్లంపల్లి స్టేషన్ వెనక సందులోకి తిరిగితే ముందు అదే వినిపించేది. దాని వెనకే ఒక దగ్గు, దగ్గు వెనకే నవ్వు. తలుపు తోసి లోపలికి పోతే, వాకిట్లో పడిన ఎండ ముక్క పక్కన ఐలవ్వ. ఆమె వేళ్లు ఎండిన పసుపుకొమ్ముల రంగులో ఉండేవి.

ఆమె దగ్గర చుట్ట అడిగితే వెంటనే ఇచ్చేది కాదు. ఏం తాగుతావని అడిగేది. తాటికల్లుకైతే సన్నది, నాలుక మీది తీపి చెదరకుండా. ఇప్పసారకైతే లావుది, పొయ్యి మీద వేలాడి పొగ తాగిన ఆకుది.

"సార, చుట్ట ఆలుమొగల లెక్క బిడ్డా. ఒకలు మాట్లాడుతుంటే ఒకలు ఇనాలె. ఇద్దరూ ఒక్కపారే ఒర్రితే ఇల్లు నిలుస్తదా?" అనేది.

భర్త మొండయ్య జ్వరంతో పోయాక ఆ పీటే ఆమెకు దిక్కు. దిక్కు మాత్రమే కాదు, ఇష్టం కూడా. ఆదివారం మధ్యాహ్నం చిన్న గిన్నెలో ఇప్పసార పోసుకుని, తన చుట్ట తానే ముట్టించి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు.

1955లో ఊళ్లో బీడీల కార్ఖానా తెరిచారు. బొగ్గు బావి పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు బీడీకి మళ్లారు. చైత్రం వచ్చేసరికి ఐలవ్వ చుట్టలు బుట్టలోనే ఎండిపోసాగాయి. మొండయ్య చెల్లెలు బాలలక్ష్మి అప్పటికే కార్ఖానాలో చేరింది.

"వదినా, ఇగ గా పీటను పొయ్యిల పెట్టు. సోమారం నాతోని రా. అందరం వరుసగ కూసోని ఒక్కతీరుగ చుడుతం."

"గా ఒక్కతీరుగ చుట్టుడే నాకు రాదే."

"రాకుంటె నేర్పుతరు. అన్నం ఒక్కతీరుగనే తింటున్నవు కద!"

ఐలవ్వ సోమవారం వస్తానని ఒప్పుకుంది. ఆ రాత్రి అన్నం సహించలేదట.

శనివారం పొద్దున ఫర్గూసన్ దొర బంగళా వంటమనిషి దేవదాస్ ఉరుక్కుంటూ వచ్చాడు. ఫర్గూసన్ బావుల్లో ఇంజనీరు. ఇరవై ఏళ్లు ఇక్కడ చేసి, స్కాట్లాండులోని తన ఊరికి వెళ్లిపోతున్నాడు. మర్నాడు బంగళాలో వీడ్కోలు విందు. ఆ రోజు కోసమే దాచిన విస్కీ సీసా ఒకటి ఉంది. దానికి జోడుగా తెప్పించిన సిగార్ల డబ్బా తెరిస్తే, ప్రతి సిగారుకూ పురుగు కొట్టిన సన్నని చిల్లులు.

"పిల్లనగ్రోవులైనయక్కా! దొర ముఖం సూడలేకపోతున్న. నీ చుట్ట సంగతి చెప్పిన, చేయించుమన్నడు."

"సారేందో తెల్వకుంట చుట్టెట్ల చేస్తరు?"

బంగళా వంటింటి వెనక దేవదాస్ గాజు గ్లాసులో ఒక వేలు మందాన పోసి ఇచ్చాడు. తేనె రంగు. ఐలవ్వ చెప్పులు విడిచింది. తల మీద కొంగు కప్పుకుంది. మైసమ్మకు ఇంత, మొండయ్యకు ఇంత అంటూ గ్లాసు వంచి నేల మీద సాక పోసింది. ఏది తాగినా ముందు నేలకు పోయాలి కదా. కల్లు ముంతతో పోసినట్టే పోసింది. గ్లాసులో మిగిలింది ఒక్క గుక్క.

"ఓ అక్కో! ఏం పని చేసినవే!" దేవదాస్ నెత్తి పట్టుకున్నాడు. "కల్లనుకున్నవా? ఒకటే భట్టీల, వట్టి యవలతోని కాసిన సరుకు. సింగిల్ మాల్టంటరు. పన్నెండేండ్లు పీపాల పండింది. మైసమ్మ ఎన్నడన్న స్కాచి అడిగిందా?"

ఐలవ్వ వినలేదు. ఎండకు కాలిన నేల ఆ సారను గుటుక్కున మింగింది, మింగి ఊపిరి విడిచింది. ఆ ఊపిరిలో పొగ. ఎక్కడో దూరాన, వాన వెలిసిన పొలంలో ఎవరో మంట వేసినట్టు. ఆమె వంగింది. మోకాళ్ల మీద కూర్చుని తడిసిన మట్టిని వాసన చూసింది. మిగిలిన గుక్కను నాలుక మీద చాలాసేపు నిలుపుకుంది.

"దేవదాసు, దీంట్ల పొగున్నదిరా."

"ఉంటది. దొర ఊర్ల కట్టెలు తక్కువట. బురద నేలను పెళ్లలు పెళ్లలుగ కోసి, ఎండవెట్టి, గవే కాల్చి, గా పొగకు గింజలారవెడ్తరట."

"మన్ను కాల్తదా?"

"కాల్తదట."

"మనకాడ మన్ను కింద బొగ్గు. వాళ్లకాడ మన్నే బొగ్గన్నట్టు." ఆమె నవ్వింది. "నేను పొయ్యి మీది ఆకు చుడుదామనుకున్న. పొగ మీద పొగ పెడితె దొర దగ్గి సస్తుండె. నీడకు ఆరిన ఆకు కావాలె."

ఆ రోజంతా పీట చప్పుడు ఆగలేదు. గోదావరి ఒడ్డు నుంచి తన తమ్ముడు తెచ్చిన లేత ఆకును ఈనెలు తీసి నీడలో ఆరబెట్టింది. కొత్తగా రాలిన ఇప్పపూలు నానేసిన నీళ్లు చిలకరించింది. మధ్య వేలంత లావున, వదులుగా, ఆకు ఊపిరాడేలా పన్నెండు చుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి జాలీ వెనక నిలబడి చూసింది. వరండాలో దొర చుట్ట ముట్టించాడు. ఒక గుక్క తాగాడు. మళ్లీ ఒక దమ్ము. తడిసిన అతని కళ్లు వరండా దాటి ఎక్కడికో వెళ్లాయి.

"అయిపాయె," అన్నాడు దేవదాస్. "ఏడుస్తుండు."

"ఊకో. గది ఏడుపు కాదు."

దొర ఆమెను పిలిపించాడు. "ఐలవ్వ, మా నాయిన పొయ్యికాడ కూసున్నట్టున్నది," అన్నాడు వచ్చీరాని తెలుగులో. కుర్చీ చూపించి, గ్లాసు చేతికిచ్చాడు. దేవదాస్ చెప్పే ఉంటాడు, ముందు తానే తన గ్లాసు వంచి నేలకు నాలుగు చుక్కలు పోశాడు. విందుకొచ్చిన ఆఫీసర్లు విరగబడి నవ్వారు. ఐలవ్వ కుర్చీలో కూర్చోలేదు. గడప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, తన చుట్టతో ఆ సారను మెల్లగా ముగించింది. ఆమె ముగించేదాకా విందంతా ఆగింది.

సోమవారం బాలలక్ష్మి కార్ఖానాకు తీసుకుపోదామని వచ్చేసరికి సందు నిండా మనుషులు. దొర తాగిన చుట్ట మాకూ కావాలంటున్నారు.

"వదినా, ఎల్దామా?"

"నువ్వు పో పిల్లా. లేకుంటె లోపలికొచ్చి ఈనెలు తియ్యి."

బాలలక్ష్మి కాసేపు గొణిగి, లోపలికొచ్చి ఈనెలు తీసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తీస్తూనే ఉంది.

ఐలవ్వ ఇదంతా నాకు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ సాక దగ్గర ఆగి, దగ్గొచ్చేదాకా నవ్వేది. 1967లో నేను చివరిసారి వెళ్లేసరికి ఆమెకు చూపు మందగించింది, ఆకును వేళ్లతోనే చదువుతోంది. ఏం తాగుతావని అడిగింది. చాయ్ తప్ప ఏదీ తాగనన్నాను. చేతిలోని ఆకు పక్కన పెట్టి, ముఖమంతా వెలిగిపోతూ అంది:

"చాయ్‌కా? గిన్నేండ్లల్ల చాయ్ మీదికి చుట్ట ఒక్కలన్న అడగలేదు బిడ్డా. కూసో, లేవకు. ఓ బాలలక్ష్మీ, చాయ్ పెట్టవే, జర సూద్దాం!"