మొదటి గుటక తాతది

మొన్న ఆదివారం చర్చికి తయారవుతుంటే పక్కింటి అవ్వ గోడ మీంచి పిలిచి, తాత లేవడం లేదన్నది. నేను వెళ్లేసరికే ఆయన చెయ్యి చల్లబడింది. మా దూలపల్లి గల్లీలో అందరికీ ఆయన ఫౌజీ తాత. నాకైతే ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది.

ఆయనకో వింత అలవాటు. ఎవరికి చాయ్ ఇచ్చినా ఆ గ్లాసులోంచి ముందు తనో గుటక తాగేవాడు. వచ్చినోళ్లకు ఎంగిలి పోస్తాడని అవ్వ తల కొట్టుకునేది.

సైన్యంలో ఉన్నప్పుడు, బంగ్లాదేశ్ యుద్ధంలో పట్టుబడ్డ శత్రు సైనికులకు ఆయన కాపలా ఉన్నాడు. విషం కలిపారేమోనని వాళ్లు చాయ్ ముట్టలేదట. తాత ఒక గ్లాసులో గుటక తాగి, పక్కనున్న గాయపడ్డ మనిషికిచ్చాడు. అతను తాగాడు, ఆ తర్వాత వరసంతా తాగింది. యుద్ధం అయిపోయినా అలవాటు పోలేదు.

నేను శామీర్‌పేట దగ్గర కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెబుతాను. యుద్ధఖైదీల పాఠం ఈ చాయ్‌తోనే మొదలుపెడతాను. తిండి, మందు ఇవ్వాలని, ఖైదీని నలుగురిలో తమాషా చేయకూడదని ఒప్పందాల్లో ఉందంటే తాత మురిసిపోయేవాడు. "రాసినోళ్లు మంచోళ్లే. ఎంగిలి సంగతే మర్సిండ్రు," అని నవ్వేవాడు.

పోయిన ఎండాకాలం బోరు మోటారు ఎత్తుకుపోతూ ఒకడు దొరికాడు. గల్లీవాళ్లు స్తంభానికి కట్టేసి కొడుతున్నారు, ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ఇంకాసేపైతే చచ్చేవాడే. నేను వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. తాత నీళ్ల చెంబుతో వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"చేతికి చిక్కినంక వాడు దుష్మన్ గాదు, మన జిమ్మ. మనమే కాపాడాలె. ఫోన్లు జేబుల వెట్టుండ్రి."

దొంగకు మర్యాదలేమిటని మోటారు ఆసామి అడ్డొచ్చాడు.

"మోటారు పోతే ఇంకోటొస్తది. వాని పానం పోతే ఏడికెళ్లి తెస్తవ్ బిడ్డా?"

తాత చెంబు అందిస్తే, అందులో ఏముందోనన్న భయంతో దొంగ నోరు తెరవలేదు. తాత చెంబులోంచి ఓ గుటక తాగి అతని పెదవులకు అందించాడు. అతను గటగటా తాగేశాడు. ఆ తర్వాత ఎవరి చెయ్యీ లేవలేదు. పోలీసులొచ్చేదాకా తాత స్తంభం పక్కనే కూర్చుని, ఊరేది, తల్లి ఉందా అని అడుగుతూనే ఉన్నాడు.

సమాధి చేసి వచ్చాక, ఎదురింటివాళ్లు ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ అవ్వే అందరికీ పోసింది. తాగబుద్ధి కావడం లేదన్నాను. అవ్వ నా గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఓ గుటక తాగింది. గ్లాసు నా చేతికిచ్చింది.