కత్తెరాయన బీపీ మాత్రలు

బీపీ ఉందని తెలిసిన రోజు కత్తెరాయన పెద్దగా బాధపడలేదు. ముప్పై ఏళ్లుగా సెలూన్ నడుపుతున్న మనిషికి అందరి జబ్బులూ విని విని నోటికొచ్చేశాయి. తనకూ చెప్పుకోవడానికి ఒకటి దొరికిందని లోలోపల కాస్త సంబరపడ్డాడు కూడా. గొడవంతా మాత్రలతో వచ్చింది.

డాక్టరు మొదట తెల్ల మాత్ర రాశాడు. వారం తిరక్కుండా పొడి దగ్గు పట్టుకుంది. అది ఏ గుమస్తాకో వస్తే దగ్గి ఊరుకుంటాడు. ఈయనకి సరిగ్గా ఎదుటివాడి గొంతు మీద కత్తి ఆనించినప్పుడే వచ్చేది. "కదలకండి" అని కత్తి పైకెత్తి, గోడవైపు తిరిగి దగ్గి వచ్చేసరికి కుర్చీలోని మనిషి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయేవాడు. వీధిలో సగం గడ్డాలు ఎక్కువయ్యాయి.

డాక్టరు గడ్డం గీయించుకునేదీ ఇక్కడే. నెల్లాళ్లుగా "అదే అలవాటవుతుందిలే" అంటున్న ఆ పెద్దమనిషి, తన గొంతు దగ్గర ఒక్కసారి దగ్గు వినబడగానే నురగైనా తుడుచుకోకుండా మందు మార్చి రాసేశాడు.

ఈసారి గులాబీ మాత్ర. దగ్గు మాయమైంది గానీ సాయంత్రానికల్లా పాదాలు పొంగి చెప్పులు పట్టడం మానేశాయి. పొద్దస్తమానం నిలబడి చేసే పనాయె. "మధ్యమధ్యలో కూర్చోవయ్యా" అన్నాడు డాక్టరు. ఆయనకేం, వాపు ఆయన గొంతు మీదికి రాదు.

కత్తెరాయన రెండు మాత్రల డబ్బాల్లో వచ్చిన, వాటివల్ల కలిగే ఇబ్బందులన్నీ రాసున్న కాగితాలను అద్దానికి చెరోపక్క అతికించి, వచ్చినవాళ్లందరినీ తీర్పు అడిగాడు. గడ్డానికొచ్చినవాళ్లు వాపే నయమన్నారు. కటింగుకొచ్చినవాళ్లు, ఆయన కాళ్లు మార్చుకుంటూ కత్తిరిస్తుంటే క్రాపు ఓ పక్కకి ఒరుగుతోందని, దగ్గే మేలన్నారు. విసుగొచ్చి ఎవరికీ చెప్పకుండా రెండూ మానేశాడు. దగ్గూ లేదు, వాపూ లేదు. ఇంతకంటే మంచి వైద్యం లేదని మురిసిపోయాడు.

డ్రాయరులో చెక్కుచెదరని మాత్రల అట్ట భార్య కంటబడింది. ఆవిడ వెళ్లి బావగారిని వెంటబెట్టుకొచ్చింది. తమ్ముడికి కత్తి పట్టడం నేర్పింది ఆయనే. బీపీని లెక్కచేయక రెండేళ్ల కిందట పక్షవాతంతో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు.

అన్నయ్య కుర్చీలో కూర్చుని కాగితాలు చూశాడు. "వీటిలో చెయ్యి పడిపోతుందని ఎక్కడుందో చూపించరా."

కత్తెరాయన పైనుంచి కిందిదాకా వెతికాడు. "ఎక్కడా లేదన్నయ్యా."

"ఉండదు. నేను ఏ మాత్రా వేసుకోలేదు."

కత్తెరాయనకి నిజంగా భయమేసింది. గులాబీ మాత్ర మింగి, అన్నయ్య మాసిన గడ్డానికి నురగ పూశాడు.

"ఆ స్టూలు లాక్కో" అన్నాడు అన్నయ్య.

"కూర్చుని గీసేవాడు పనివాడే కాదని నాకు చెప్పింది నువ్వే."

"చెప్పాను. ఇప్పుడు కూర్చోమంటున్నదీ నేనే."

ముప్పై ఏళ్లలో మొదటిసారి కత్తెరాయన కూర్చుని గడ్డం గీశాడు.